కూర పేరు చెప్పని రోజులు

మా వైపు మనిషికి మనిషి ఎదురైతే ముందు వచ్చే మాట తిండి గురించే. పొద్దున్నయితే కాఫీలయ్యాయా, కాస్త ఎండెక్కితే టిఫిన్లయ్యాయా, ఆ తర్వాత భోజనాలయ్యాయా. బస్సులో పక్క సీటువాళ్లు అడుగుతారు. బ్యాంకులో గుమాస్తా అడుగుతాడు. కరెంటు బిల్లు తియ్యడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి అడుగుతాడు. అన్నిటికీ జవాబు ఒక్కటే, "అయ్యిందండి." తిన్నా అదే, తినకపోయినా అదే. అడిగినవాళ్లకి నిజం అక్కర్లేదు, చెప్పేవాళ్లకి చెప్పాలనీ ఉండదు. మర్యాద జరిగిపోతుంది, ఎవరి పనిలో వాళ్లు పడతారు.

ఈ సంగతి అందరికీ పుట్టుకతోనే తెలుస్తుందనుకుంటాను. నాకు మాత్రం తెలియలేదు. చిన్నప్పుడు ఎవరైనా అన్నం తిన్నావా అమ్మా అని అడిగితే, లేదండి, మా అమ్మ ఇంకా పొయ్యి వెలిగించలేదు అని ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. అడిగినావిడ లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టేది. ఇంటికొచ్చాక మా అమ్మ వీపు మీద రెండు పెట్టేది, వీధిలో పరువు తీశానని. తప్పేమిటో తెలియకుండానే నేర్చుకున్నాను. దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం కాబట్టి గట్టిగానే నిలిచిపోయింది.

నలభై దాటాక రాజమండ్రిలో డాక్టరు గారు నాకు ఆటిజమూ, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయన్నారు. వాటిని ఎవరికీ కనపడకుండా నెట్టుకొచ్చిన అలసట కూడా, ఏళ్లుగా నన్ను పట్టుకుని వదలని డిప్రెషన్‌కి ఒక కారణం కావచ్చన్నారు. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది మా అమ్మ చెయ్యి. కోపం రాలేదు. ఇన్నాళ్లకి ఎవరో లెక్క సరిచేసినట్టు అనిపించిందంతే. ఆ తర్వాత మళ్లీ నీరసం వచ్చింది.

రామచంద్రపురంలో మాకో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మా ఆయన మిషన్లు చూసుకుంటారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఓణీల ఫంక్షన్ల ఫ్లెక్సీలు కంపోజ్ చేస్తాను. బుర్ర బాగున్న రోజున పొద్దున్న కూర్చుంటే మంచినీళ్లు కూడా గుర్తురావు, నాలుగు కార్డుల పని ఒక్క ఊపులో తేల్చేస్తాను. బాగోని రోజున వరుడి తండ్రి పేరు టైపు చెయ్యడానికి గంట పడుతుంది. ఇంకా బాగోకపోతే మంచం మీంచి లేవను. లేవాలని తెలుస్తూనే ఉంటుంది. ఆ తెలిసినదాన్ని కాళ్లదాకా పంపించడమే నా వల్ల కాదు. వంటింట్లో మా అత్తగారు మిక్సీ వేస్తే ఆ చప్పుడు పళ్లలోకి దిగుతుంది. దిండు చెవులకి అదుముకుని పడుకుంటాను.

మా అత్తగారు మంచావిడ. అదే నాకు కష్టం. గయ్యాళిదైతే లోపల తిట్టుకునైనా బతికేదాన్ని. ఈవిడ గుమ్మం దగ్గరికొచ్చి, కాస్త అన్నం తిన్నావా అమ్మా అంటారు. అయ్యిందండి అంటాను. ఎక్కడ అయ్యిందో, ఎప్పుడు అయ్యిందో ఆవిడ అడగరు. వంటిల్లు ఆవిడదే అయినా అడగరు. కోడలు అయ్యిందంటే అయినట్టే. అలా ఆ మాట మా ఇద్దరి మధ్యా తలుపులా ఉండేది.

మందులు మార్చి మార్చి డాక్టరు గారూ అలిసిపోయారేమో, ఒకరోజు అన్నారు, మీలాంటివాళ్లు కొందరు నెలకో ఆదివారం కలుస్తుంటారు, వెళ్లి కూర్చోండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు అని. నాలాంటివాళ్లు అంటే ఎలాంటివాళ్లో నాకు అంతుపట్టలేదు. మా ఆయన బండి మీద దింపి, గోదావరి గట్టు మీద కూర్చుంటాను, అయ్యాక ఫోన్ చెయ్యి అన్నారు.

అదొక కుట్టు మిషన్ల శిక్షణ కేంద్రం మేడ మీది గది. ఆదివారం కాబట్టి మిషన్లన్నిటికీ గుడ్డలు కప్పి గోడవారగా జరిపారు. ఏడెనిమిది మందిమి ఉన్నాం. నడిపే ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కూడా ఏళ్ల తరబడి మందులు వేసుకుంటున్నవారే. మనసులో ఉన్నది చెప్పుకోవచ్చండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు అని మొదలుపెట్టారు.

గోదావరి జిల్లాల వాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి మనసులో ఉన్నది చెప్పమంటే ఏం జరుగుతుందో ఆ రోజు చూశాను. మీరు ముందు చెప్పండి అంటే, అబ్బే, మీరు పెద్దవారు, మీరు చెప్పండి అనుకున్నారు. తర్వాత మీదే ఊరండీ అని ఒకాయన మొదలెట్టాడు. ఇక ఆగుతుందా. ఆ ఊళ్లో ఫలానావారు మీకేమవుతారు, వాళ్ల తోడల్లుడు మా పక్క వీధే అంటూ గంట గడిచింది. తాపేశ్వరం కాజాల డబ్బా ఒకటి చేతులు మారుతూ వచ్చింది. బతకడం ఇష్టం లేక డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లందరూ, ఇంకోటి తీసుకోండి, మొహమాటపడకండి అని ఒకరినొకరు బలవంతం చేసుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చి చాలాకాలమైంది.

గార్డు గారికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ఇకనుంచి ఊరు, ఇంటిపేరు, చుట్టరికం అడగకూడదని నియమం పెట్టారు. అప్పటికే అందరి ఊళ్లూ అందరికీ తెలిసిపోయాయి. పేర్లు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అందుకని ఊళ్లే పేర్లయ్యాయి. నేను రామచంద్రపురం గారిని. మూలన జరీ లేని నేత చీర కట్టుకుని, కాజా ముట్టకుండా అందరికీ అందిస్తూ కూర్చున్న, నాకంటే కాస్త పెద్దావిడ భీమవరం గారు.

మరుసటి నెల వెళ్లేటప్పటికి నా పరిస్థితి బాగోలేదు. వెళ్లకపోతే మా ఆయన ముఖంలో కనిపించే నిరాశని మోసే ఓపిక లేక వెళ్లాను. మెట్లెక్కి కూర్చోగానే పక్క కుర్చీలోంచి భీమవరం గారు అలవాటుగా టిఫిన్ అయ్యిందా అండి అన్నారు. అయ్యిందండి అనడానికి నోరు తెరిచాను. ఆ మాటకి కూడా ఓపిక లేకపోయింది.

"లేదండి. నిన్న కూడా తినలేదు. పళ్లు కూడా తోముకోలేదు."

మా అమ్మ బతికుంటే లేచి వచ్చి కొట్టేది. తలదించుకుని పమిట కొంగు మెలిపెడుతూ కూర్చున్నాను. కాసేపటికి పక్కనుంచి, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా ఆవిడ గొంతు వినిపించింది.

"నేనూ తోముకోలేదండి."

చూస్తే, గంజి పెట్టిన చీర, చక్కగా దిద్దిన బొట్టు, తలలో పువ్వు. పళ్లు తోముకోని మనిషిలా లేరు. నేను పళ్లు తోముకోని మనిషిలాగే ఉన్నాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాం, అవసరం కూడా ఉంది కాబట్టి.

అలా కుదిరిన స్నేహం మాది. మా ప్రెస్సు ఇంటికీ ఆవిడ ఇంటికీ పోలికే లేదు. భీమవరం పక్కన రొయ్యల చెరువుల మధ్య మేడ ఆవిడది. చెరువుల మీద పనిచేసేవాళ్లూ, మేత కంపెనీ మనుషులూ, చుట్టాలూ కలిసి ఆ ఇంట్లో రోజూ పంక్తి లేస్తుందట. అందరికీ దగ్గరుండి వడ్డించాల్సింది ఆవిడే. ఆఖరున తినాల్సిందీ ఆవిడే. ఆ ఆఖరున ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. కంచంలో అన్నం పెట్టుకుని, కాస్త కలిపి, కుక్కకి వేసేసి కంచం కడిగేస్తానండి అని చెప్పారు. ఆవిడకి ఆటిజమూ అవీ ఏమీ లేవు. ఉత్త డిప్రెషనే. ఉత్తదే అని ఆవిడే అన్నారు, ఇంట్లో కొత్తిమీర కట్ట ఒక్కటే ఉందండి అని మొహమాటపడ్డట్టుగా.

మేము ఒక ఒప్పందం చేసుకున్నాం. రోజూ పొద్దున్న పదకొండు దాటాక, ఇల్లు కాస్త సద్దుమణిగిన వేళ ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. అయ్యిందా అండి అని అడగాలి. మా ఇద్దరి మధ్యా మాత్రం నిజమే చెప్పాలి. అయ్యిందంటే ఏం కూరో కూడా చెప్పాలి. కాలేదంటే ఇద్దరూ కంచాలు తెచ్చుకుని, ఫోన్లు స్పీకర్లో పెట్టి, తినేదాకా పెట్టెయ్యకూడదు. మాట్లాడక్కర్లేదు. కబుర్లు చెప్పాలంటే మళ్లీ అదొక పని.

మా అత్తగారు మొదట వింతగా చూశారు. ఫోన్లో తిండేంటమ్మా, ఆవిడకి నువ్వేమైనా పెడుతున్నావా, నీకు ఆవిడ పెడుతోందా అని ఎగతాళి చేశారు. నిజం చెప్పాలంటే అదేమీ హాయిగా ఉండేది కాదు. అవతలివాళ్లు నమిలే చప్పుడు నా చెవికి పడదు, ఒళ్లు జలదరిస్తుంది. ఆ సంగతి చెబితే భీమవరం గారు నొచ్చుకోలేదు. అయితే ఫోన్ బియ్యం డబ్బా వెనకాల పెట్టుకోండి, నేను ఉన్నానని తెలిస్తే చాలు కదా అన్నారు. బియ్యం డబ్బా వెనకాల ఆవిడ, ఇవతల నేను, దొండకాయ వేపుడుతో నాలుగు ముద్దలు. రోజుకోసారి నేను చెయ్యగలిగిన పని అదొక్కటే అయిన రోజులున్నాయి.

నాకూ ఒక పిచ్చి ఉంది, కాలువల లాకులు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు విడిపోయిన దగ్గర్నుంచి ఏ కాలువ మీద ఎక్కడ లాకులున్నాయి, తలుపులు ఎలా మూస్తే పడవ ఎలా పైకి లేచేది, ఇవన్నీ ఎవరైనా వింటారంటే చెబుతూనే ఉంటాను. వినేవాళ్లు దొరకరు. మా ఆయన లొల్ల లాకుల దగ్గరికి తీసుకెళ్లిన పాపానికి ఇప్పటికీ అనుభవిస్తున్నారు. భీమవరం గారు మాత్రం కొన్ని రాత్రులు ఫోన్ చేసి, నిద్ర పట్టట్లేదండి, కాస్త లాకులు చెప్పండి అనేవారు. నేను మొదలెడితే మూడో లాకు దగ్గరికి వచ్చేసరికి గురక వినిపించేది. నా కబుర్లు ఒక మనిషికి పనికొచ్చాయని నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

వానలు తగ్గాక ఆవిడ ఫోన్లు పొట్టివైపోయాయి. ఇంట్లో చుట్టాలున్నారన్నారు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి నడుస్తోందన్నారు. అయ్యిందా అంటే, "అయ్యిందండి. ఉంటానండి."

మనుషుల గొంతులోంచి మనసు పట్టుకోవడం నాకు చేతకాదు. ఎవరైనా బాగున్నాను అంటే బాగున్నారనే అనుకుంటాను. నా జీవితమంతా అదే గొడవ. అయితే ఒక వరుసలో ఉండాల్సింది లేకపోతే అది నా కంట్లో నలుసులా పడుతుంది. శుభలేఖలో సుముహూర్తం లైను కింద కల్యాణ వేదిక లేకపోతే ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. ఇక్కడా అంతే. కూర పేరు లేదు. మొదటి రోజు మర్చిపోయారనుకున్నాను. రెండో రోజూ లేదు. ఆ తర్వాత ఒకరోజు ఉండబట్టలేక, ఏం కూరండి అని అడిగాను. ఏదో ఒకటిలెండి అన్నారు. ఆ ఇంట్లో ఏదో ఒకటి అనే కూర ఉండదు. గోంగూరలో రొయ్యలు ఎప్పుడు వెయ్యాలో నాకు అరగంట చెప్పిన మనిషి ఆవిడ.

గార్డు గారికి ఫోన్ చేశాను. పనుల్లో ఉండి ఉంటారండి, తొందరపడకండి, పెద్దింటి వ్యవహారం అన్నారు. మా ఆయనా అదే అన్నారు, నువ్వు ప్రతిదీ పట్టుకుని పీకుతావు అని కూడా అన్నారు. అదీ నిజమే. నా తలలో మోగే గంటల్లో ఏది నిజం గంటో నేనే చెప్పలేను. ఆ వారం నేనూ లేచి తిరుగుతున్నదాన్ని కాదు. ప్రెస్సులో పని పేరుకుపోయింది. కానీ ఆవిడ చెప్పేది అబద్ధమైతే, అందరికీ వడ్డించి ఆవిడ ఒక్కరూ ఆ ఇంట్లో కరిగిపోతున్నారని తెలిసింది నాకొక్కదానికే. ఎవరింటికీ పిలవకుండా వెళ్లేదాన్ని కాదు. పిలిచినా వెళ్లేదాన్ని కాదు. ఒక శుక్రవారం పొద్దున్న చీర మార్చుకుని, చెవుల్లో దూది పెట్టుకుని బస్టాండుకి బయల్దేరాను. ఉత్త చేతులతో వెళ్తావా అని మా అత్తగారు వెనకాల వచ్చి అరిసెల డబ్బా సంచిలో పెట్టారు. ఎక్కడికని మాత్రం అడిగారు, ఎందుకని అడగలేదు.

రావులపాలెంలో బస్సు మారాలి. హారన్లు, పల్లీలవాళ్ల కేకలు, డ్రైవరు పెట్టిన పాటలు అన్నీ దూదిలోంచి కూడా లోపలికొచ్చాయి. సిద్ధాంతం వంతెన మీద బస్సు ఆగిపోతే దిగి వెనక్కి వెళ్లిపోదామనిపించింది. మార్టేరు దాకా కళ్లు మూసుకునే ఉన్నాను. వెళ్లాక ఆవిడ శుభ్రంగా ఉంటే ఏమనాలి, ఎందుకొచ్చానని చెప్పాలి అని ఒకటే ఆలోచన. శుభ్రంగా ఉండాలనే కోరుకున్నాను. నా పరువు పోతే పోయింది.

గేటు పక్కన, చెరువు నీళ్లలో గాలి కలిపే పాత ఏరేటర్లు గుట్టగా పడేసి ఉంటాయని ఆవిడ ఎప్పుడో చెప్పారు. ఆటోవాడికి ఆ గుర్తు చెబితే తీసుకెళ్లాడు. అరుగు మీద భీమవరం గారి అత్తగారు కూర్చుని ఉన్నారు. పెద్దావిడ, చెవులకి రాళ్ల దుద్దులు. రాజమండ్రిలో పరిచయమండి అన్నాను. ఇంకేమీ అడగలేదు.

"ఆయ్, రండి రండి. సరిగ్గా భోజనాల వేళకొచ్చారు. ముందు కాళ్లు కడుక్కోండి."

లోపలినుంచి భీమవరం గారు వచ్చారు. అదే గంజి చీర, అదే బొట్టు. చీర లోపల మనిషి మాత్రం సగమైపోయారు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నన్ను చూసి ఒక్క క్షణం భయపడి, వెంటనే అందరికీ నవ్వే నవ్వు నాకూ నవ్వారు. అంతమంది ఉన్న ఇంట్లో ఎవరికీ కనపడలేదా అని ఒళ్లు మండింది. రోజూ చూసేవాళ్లకి కనపడదేమో. చూడాలనుకోకపోయినా కనపడదు.

పెద్ద బల్ల. ఆవిడ భర్త, మరిది, మేత కంపెనీ ఆయన ఒకరు, నేను. అరిటాకులు పరిచారు. దోసకాయ పప్పు, రొయ్యల వేపుడు, కోడి పలావు, చేపల పులుసు, ఇంకా ఏవేవో. అత్తగారు నెయ్యి గిన్నెతో నిలబడ్డారు. ఆవిడ గిన్నె తర్వాత గిన్నె తెచ్చి వడ్డిస్తూ, వేసుకోండి, ఏమీ తినట్లేదు మీరు అంటున్నారు. ఆ మాట ఆవిడ నోట్లోంచి వింటూ ముద్ద కలపలేకపోయాను. ఆకు ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మా జిల్లాల్లో అతిథి ఆకు ముందు చేతులు ముడుచుకుని కూర్చోవడమంటే ఆ ఇంటిని తిట్టినట్టే. అందరూ ఆగిపోయారు. ఒంట్లో బాగోలేదా అండి, కారం ఎక్కువైందా అని ఆవిడ భర్త కంగారుపడ్డారు. నాకు సర్దిచెప్పడం రాదు. వచ్చింది చెప్పాను.

"ఆవిడ కూర్చుంటే తింటానండి."

అత్తగారు నవ్వేశారు. "ఆవిడ తర్వాత తింటుందిలెండి. మీరు కానివ్వండి."

"తర్వాత తినడం మీరు చూశారా అండి?"

దెప్పాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. అత్తగారు కొడుకు వైపు చూశారు. ఆయన రాత్రి అని ఏదో అనబోయి ఆగిపోయి, తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు ఆకులోకి చూశాడు. మేత కంపెనీ ఆయనకి ఎక్కడ చూడాలో తెలియక ఫ్యాను వైపు చూశాడు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు వెతుక్కుంటున్నారు, ఎవరైనా ఎప్పుడైనా చూశారేమోనని. ఎవరికీ దొరకలేదు.

భీమవరం గారు పులుసు గిన్నె పట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నారు. నా వైపు కోపంగా చూశారు. అంత కోపం ఆవిడలో ఉంటుందని నాకు తెలియదు. భయపడ్డాను, కానీ నేను అడిగినదాన్ని వెనక్కి తీసుకోలేదు. మళ్లీ మెల్లగా ఆవిడనే అడిగాను.

"అయ్యిందా అండి?"

పులుసు గిన్నె అంచు కొంగుతో తుడిచారు. తర్వాత గిన్నె వైపు చూస్తూ అన్నారు.

"కాలేదండి. చాలా రోజులైందండి."

అత్తగారు నెయ్యి గిన్నె బల్ల మీద పెట్టి, కోడలి చేతిలోంచి పులుసు గిన్నె తీసుకున్నారు. నా పక్క కుర్చీ లాగి, ఇంకో ఆకు వేసి, కూర్చోమ్మా అన్నారు. ఆ వయసులో ఆవిడే వంగి వడ్డించారు. భీమవరం గారు పప్పన్నం కలుపుతూ చాలాసేపు కూర్చున్నారు. నేను తింటే తిన్నారు, ఆగితే ఆగారు. ఆవిడ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. దానికీ ఓపిక కావాలి.

తర్వాత చెరువు గట్టు మీదికి నడిచాం. ఏరేటర్లు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. ఆ చప్పుడు నాకు పడదని గుర్తుపెట్టుకుని, ఆవిడే దూరంగా కొబ్బరి చెట్ల వైపు తీసుకెళ్లారు.

"కాలేదంటే మీరు కంచం తెచ్చుకోమంటారు. నాకు తెచ్చుకోవాలని లేదండి. అసలేమీ వద్దనిపించింది. మాత్రలు కూడా మానేశాను. మీరైతే ఏం చెప్పినా నమ్ముతారు కదా అని అబద్ధమాడాను."

నిజమే, నేను నమ్ముతాను. ఆ మాట గుచ్చుకుంది. మరి కూర పేరు కూడా ఏదో ఒకటి చెప్పెయ్యకపోయారా అన్నాను.

"అది మాత్రం రాలేదండి. వంకాయ అని నోటిదాకా వచ్చి ఆగిపోయేది."

ఆ సాయంత్రం నేను పక్కనుండగానే భర్తకి మాత్రల సంగతి చెప్పారు. మర్నాడే కారులో రాజమండ్రి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ ఇంట్లో నాకు మంచి పేరేమీ రాలేదు. బల్ల దగ్గర పరాయి మనిషి ముందు అలా అడుగుతారా అని మరిది చాన్నాళ్లు అనుకున్నాడట. నిజమే, అలా అడగరు. మరెలా అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక నేను పడిపోయాను. ఒక్క ప్రయాణానికి వారం పైగా మంచం. అదేదో గొప్ప పని చేసి వచ్చినట్టు లోపల వెలుగేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఒళ్లంతా ఎవరో పిండి ఆరేసినట్టు నీరసం. ఆవిడకి ఫోన్ చెయ్యాలని తెలుసు. ఫోన్ మంచం పక్కనే ఉంది. చెయ్యి సాగలేదు. మా అత్తగారు గుమ్మం దగ్గరికొచ్చి తిన్నావా అమ్మా అన్నారు. అయ్యిందండి అన్నాను. అంతా తెలిసి కూడా అదే మాట వచ్చింది. అయితే ఈసారి ఆవిడ వెళ్లిపోకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడ్డారు. ఏదో అడగబోయి, ఏమనుకుంటానోనని ఊరుకున్నారు.

మర్నాడు పదకొండు దాటాక ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. తీశాను.

"అయ్యిందా అండి?" భీమవరం గారి గొంతు. ఇంకా నీరసంగానే ఉంది.

అయ్యిందండి అనేస్తే ఫోన్ పెట్టేసి పడుకోవచ్చు. ఎంత తేలికో నాకు తెలుసు. గోడ వైపు తిరిగి ఉన్నాను. అటే తిరిగి చెప్పాను.

"కాలేదండి."

"నాకూ కాలేదు. కంచం తెచ్చుకోండి. పెట్టెయ్యను."

లేచాను. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మా అత్తగారు మిక్సీ మీద చెయ్యి వేసి, నన్ను చూసి తీసేశారు. ఫోన్ బియ్యం డబ్బా వెనకాల పెట్టాను. అన్నం గిన్నె దించుతుంటే, డబ్బా వెనకాలనుంచి ఇంకో గొంతు వచ్చింది. పెద్ద గొంతు, ఆ రోజు నెయ్యి గిన్నెతో నిలబడిన గొంతు. కోడలి పక్కన ఆవిడ కూడా కంచం పెట్టుకుని కూర్చున్నట్టున్నారు.

"ఏం కూరండి?" అన్నారు ఆవిడ.

మూత తీసి చూసి, దొండకాయండి అన్నాను.